ఆయనకు గుర్తున్న ఎండకాలం మీకు ఎందుకు గుర్తు లేదు

అమ్మా, జవాబు మొదలుపెట్టే ముందు మీరు రాసిన సంగతి నాకు ఏ మేరకు అర్థమయిందో చెబుతాను. ఎక్కడైనా పొరపాటు పడి ఉంటే ఇక్కడే తేలిపోతుంది. మీది 2012లో పెద్దలు కుదిర్చిన పెండ్లి. మీ పుట్టినిల్లు హనుమకొండ, మీవారిది జమ్మికుంట వైపు. పెండ్లయిన కొత్తలోనే ఆయన, తనకు 12 ఏళ్ళప్పుడు రామప్ప చెరువు దగ్గరి ఒక ఊరిలో, చిన్నమ్మ ఇంట్లో ఎండకాలం తాతీళ్ళు గడిపాననీ, అక్కడ చిట్టి అనే అమ్మాయి అంటే తనకు ఎంతో ఇష్టంగా ఉండేదనీ మీతో చెప్పారు. ఆ "రామప్ప పిల్ల" పేరు పెట్టి మీరు ఆయనను 12 ఏళ్ళుగా ఆటపట్టిస్తున్నారు. అది ఎల్లప్పుడూ ఆటగా ఉండలేదని, కొన్ని రాత్రులు మనసు చివుక్కుమన్నదని కూడా దాచకుండా రాశారు.

ఈ మధ్య పిల్లలతో రామప్ప గుడికి వెళ్ళినప్పుడు నంది మండపం దగ్గర ఆయన పాత కథ ఎత్తుకున్నారు. చిట్టి తన చెప్పులు దాచిపెట్టిందనీ, మిట్టమధ్యాహ్నం ఒట్టి కాళ్ళతో ఊరిదాకా నడిపించిందనీ పిల్లలకు చెప్పారు. తిరుగు దారిలో మీరు, మా అమ్మమ్మ ఊరు ఇక్కడికి దగ్గరే, పిల్లలకు ఆ ఇల్లు చూపిద్దామని కారు మళ్ళించారు. సగం కూలిన పెంకుటింటి ముందు చేదబావిని చూసి ఆయన నిలబడిపోయి, ఇది చిట్టి వాళ్ళ ఇల్లు అన్నారు. మిమ్మల్ని చిట్టి అని పిలిచినది మీ అమ్మమ్మ ఒక్కతే. 1999లో ఆమె పోయిన తరువాత ఆ పేరుతో మిమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఆ మరుసటి వారం ఆయన చిన్నమ్మ దగ్గరి పాత ఆల్బమ్‌లో ఒక ఫోటో దొరికింది. వేపచెట్టు కింద తొమ్మిదిమంది పిల్లలున్న ఆ ఫోటోలో, చేతికి కట్టుతో మీరూ మీ పక్కన ఆయనా ఉన్నారు.

మీ ప్రశ్నలు నాలుగు. ఇంత సంగతిని నేను ఎలా మరచిపోయాను, నా మెదడులో ఏమైనా లోపమా? ఇప్పుడు నాకు కూడా చెప్పులు దాచినట్టు మసకగా గుర్తుకు వస్తున్నది, అది నిజమేనా? నాకు గుర్తు లేనందుకు ఆయన నొచ్చుకుంటున్నారు, ఆ పిల్ల నేనే అని తెలిసినా ఆమె మీద నాకు ఈర్ష్య పోవడం లేదు, ఏమి చేయాలి? అత్తమ్మకు చెప్పవచ్చునా? వరంగల్‌లో దంపతుల మధ్య కూర్చొని మాట్లాడే పనిలో నాకు 27 ఏళ్ళు గడిచాయి. నాకు తెలిసినంతలో చెబుతాను. చివరి ప్రశ్నకు చిన్న జవాబు చాలు. మూడవదానికే ఎక్కువ సమయం పడుతుంది.

పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికి ఆ ఊరు ఒక్కటేనని తెలియకపోవడం ఎలా సాధ్యమని ఎవరికైనా అనుమానం రావచ్చు. నాకు రాలేదు. పిల్లలకు ఊర్లు పేర్లతో గుర్తుండవు, చుట్టరికాలతో గుర్తుంటాయి. ఆయనకు అది చిన్నమ్మ వాళ్ళ ఊరు, మీకు అమ్మమ్మ ఊరు. ఆయన చెప్పేటప్పుడు రామప్ప అంటారు, మీరు చెప్పేటప్పుడు ములుగు దగ్గర అంటారు. పైగా భర్త తన చిన్ననాటి ఇష్టం గురించి చెబుతున్నప్పుడు, ఆ ఊరు ఏ మండలంలో ఉన్నదని అడిగిన భార్యను నేను ఇంతవరకు చూడలేదు.

ఇక మొదటి ప్రశ్న. పదేళ్ళ వయసులో కలిసి ఆడుకున్న ఒక పిల్లవాడు గుర్తు లేకపోవడం ఏ జబ్బుకూ లక్షణం కాదు. మూడేళ్ళ లోపు సంగతులు దాదాపు ఎవరికీ గుర్తుండవు. ఆ తరువాతి ఏళ్ళవి కూడా తిరిగి తలచుకున్నవి, తిరిగి చెప్పుకున్నవి మాత్రమే గట్టిగా నిలుస్తాయి. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే మానసిక శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, తనమీద తానే ప్రయోగం చేసుకొని, మరపు మొదట్లో వేగంగానూ పోనుపోను నెమ్మదిగానూ సాగుతుందనీ, మళ్ళీ మళ్ళీ వల్లెవేసినది నిలుస్తుందనీ 1885లోనే చూపారు. మీవారు ఆ ఎండకాలాన్ని వల్లెవేశారు. జమ్మికుంటకు తిరిగి వెళ్ళి బడిలో స్నేహితులకు చెప్పి ఉంటారు, కాలేజీలో చెప్పి ఉంటారు, చివరికి మీకే ఎన్నో సార్లు చెప్పారు. మీరు ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే మీకు అందులో చెప్పదగినదేమీ కనిపించి ఉండదు.

అలా కనిపించకపోవడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉన్నది. ఆయనకు ఆ ఊరు కొత్త. అమ్మానాన్నలను విడిచి అన్ని రోజులు ఉండడం అదే మొదలు. చిన్నాయన నీటిపారుదల శాఖలో పనిచేస్తూ బదిలీమీద అక్కడికి వచ్చి, మరుసటి ఏడే వేరే చోటికి వెళ్ళిపోయారు కనుక ఆయనకు రామప్ప ఎండకాలం జీవితంలో ఒక్కటే. మీరు మాత్రం ఊహ తెలిసినప్పటి నుండి ఏటా అక్కడికి పోయేవారు. ఏప్రిల్ చివర బడి మూసినప్పటి నుండి జూన్‌లో మృగశిర వచ్చేదాకా అదే బావి, అదే వేపచెట్టు, అవే తాటిముంజలు, తునికిపండ్లు, వాకిట్లో ఆరబెట్టిన మామిడికాయ ముక్కలు. ఏటేటా జరిగేవి మనసులో విడివిడిగా నిలవవు. ఐదారు ఎండకాలాలు కలిసి "అమ్మమ్మ ఊరు" అనే ఒకే ముద్దగా మారిపోతాయి, అందులో ఏ ఏడు ఎవరు వచ్చారో వేరుచేయడం కష్టం. ఇంకొక సంగతి ఏమిటంటే, ఆ ఊరిలో ఆయనకు తెలిసిన పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు, మీకు ఊరంతా తెలుసు. ఆయన లోకంలో మీరు సగం. మీ లోకంలో ఆయన, ఫోటో లెక్క ప్రకారమే తీసుకున్నా, తొమ్మిదిమందిలో ఒకరు.

మరుసటి ఏడు మీ అమ్మమ్మ పోయారు. పోయిన మనిషి తాలూకు ఊరిని తలచుకున్న ప్రతిసారీ చివరి రోజులే ముందుకు వస్తాయి, వాటి వెనుక ఉన్న చిన్న చిన్న సంగతులు కప్పబడిపోతాయి. చెయ్యి విరగడం గుర్తున్నదనీ, కట్టు కట్టినప్పటి నొప్పి, కట్టు కింద దురద కూడా గుర్తున్నాయనీ రాశారు. చూడండి, అదే ఎండకాలంలో మీకు జరిగిన పెద్ద సంగతిని మీ మనసు భద్రంగానే దాచుకున్నది. కాకపోతే అది దాచుకున్నది మీ చెయ్యిని, ఆయనను కాదు. ఈ మాట మీవారికి చదివి వినిపించేటప్పుడు కొంచెం నవ్వుతూ వినిపించండి.

పోయినట్టు అనిపించిన జ్ఞాపకం అసలే లేదని చెప్పలేము. నెదర్లాండ్స్‌కు చెందిన వాగెనార్ అనే పరిశోధకుడు ఆరేళ్ళపాటు తన జీవితంలోని సంఘటనలను రోజువారీగా రాసిపెట్టుకొని, తరువాత తన జ్ఞాపకాన్ని తానే పరీక్షించుకొని 1986లో ఫలితాలు ప్రకటించారు. ఏమి జరిగిందన్న సూచన ఇస్తే సంఘటన బాగా గుర్తుకు వచ్చింది, ఎవరు, ఎక్కడ అన్న సూచనలు కూడా పనికివచ్చాయి, ఎప్పుడు అన్న సూచన ఒంటరిగా దాదాపు ఎందుకూ పనికిరాలేదు. పూర్తిగా మరచిపోయానని ఆయన అనుకున్న కొన్ని సంఘటనలు కూడా, అక్కడ ఉన్న మనుషులు చెప్పిన వివరాలు వింటే తిరిగి వచ్చాయి. చోటు విషయంలో తరచూ చెప్పే ప్రయోగం 1975లో ఈతగాళ్ళతో జరిగినది. నీటి అడుగున నేర్చుకున్న మాటలు నీటి అడుగునే బాగా గుర్తుకు వచ్చాయని అందులో తేలింది, అయితే 2021లో అదే ప్రయోగాన్ని తిరిగి చేసినవారికి ఆ ఫలితం దొరకలేదు. అందుచేత ఊరికి వెళితే అంతా గుర్తుకు వస్తుందని నేను మాట ఇవ్వను. వాసనల మీద నాకు నమ్మకం కొంచెం ఎక్కువ, ఎందుకంటే వాసన వెంట వచ్చే జ్ఞాపకాలు ఎక్కువగా మొదటి పదేళ్ళ జీవితానికి చెందినవని పరిశోధనల్లో కనిపించింది. మే నెలలో వెళ్ళండి.

ఇక చెప్పుల సంగతి. మీ నాలుగు ప్రశ్నలలో నన్ను కొంత కలవరపెట్టినది ఇదే. ఆయన నోట ఆ కథ మీరు 12 ఏళ్ళుగా వింటున్నారు. కథ జరిగిన చోటును ఆయన పక్కనే నిలబడి చూశారు. ఫోటోలో మీ ముఖాన్ని మీరే చూసుకున్నారు. ఇన్ని జరిగిన తరువాత మీ మనసులో చెప్పులు దాస్తున్న ఒక చిన్న చెయ్యి కదలకపోతేనే ఆశ్చర్యపడాలి. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ 1995లో 24 మందికి, చిన్నప్పుడు మీరు బజారు సముదాయంలో తప్పిపోయారు అన్న కల్పిత కథను వారి బంధువుల సాయంతో కట్టి, నిజమైన మూడు సంఘటనలతో కలిపి చెబితే, దాదాపు నలుగురిలో ఒకరు ఆ కల్పనను పూర్తిగానో కొంతగానో గుర్తు తెచ్చుకున్నారు. 2002లో మరికొందరు పరిశోధకులు 20 మంది చిన్ననాటి ఫోటోలను వేడిగాలి బెలూన్‌లో ఎక్కినట్టు మార్చి చూపితే, మూడవసారి మాట్లాడే నాటికి సగంమంది ఎన్నడూ చేయని ఆ ప్రయాణాన్ని వర్ణించారు. వారు అబద్ధమాడలేదు. నమ్మకమైన మనిషి చెప్పిన మాట, కళ్ళముందున్న ఫోటో, గుర్తు తెచ్చుకోవాలన్న కోరిక, ఈ మూడూ కలిసినచోట మనసు తనకు తెలియకుండానే బొమ్మ గీసుకుంటుంది. మీ దగ్గర మూడూ ఉన్నాయి, భర్త నొచ్చుకోకూడదన్న ఆత్రం నాలుగవది.

మీవారి జ్ఞాపకానికి కూడా ఇదే కొలత పెట్టాలి. గట్టిగా గుర్తుండడం వేరు, సరిగ్గా గుర్తుండడం వేరు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ ఒక అపరిచితమైన కథను చదివించి, కొంతకాలం గడిపి తిరిగి చెప్పించినప్పుడు, చెప్పినవారు తమకు అలవాటైన తీరులోకి దానిని మార్చివేశారని 1932లో చూపారు. మీవారు ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నది 1998 నాటి మధ్యాహ్నాన్ని మాత్రమే కాదు, కిందటిసారి తాను చెప్పిన కథను కూడా. చెప్పులు దాచినది వేరే పిల్ల అయి ఉండవచ్చు, ఒకరోజు దాచిన చెప్పులు కథలో రోజూ దాచినట్టు పెరిగి ఉండవచ్చు. మీరిద్దరూ ఆ ఎండకాలం ఆ ఊరిలో ఉన్నారనడానికి ఫోటో గట్టి సాక్ష్యం. ఆయనకు మీరంటే ఇష్టమనడానికి, ఆ ఫోటో దొరకడానికి 12 ఏళ్ళ ముందే ఆయన చెప్పిన మాట సాక్ష్యం. ఈ రెండింటిని నేను నమ్ముతాను. మిగిలిన వివరాలను తాపీగా చూడాలి.

చూసేటప్పుడు ఒక తేడా పట్టించుకోండి. రామప్పను చూసిన ఎవరికైనా గుర్తుండే సంగతులు మీరిద్దరూ కలిసి ఉన్నారనడానికి రుజువు కావు. మదనికలు అనే నల్లరాతి స్త్రీ శిల్పాలు, నీటిమీద తేలే ఇటుకల మాట, తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చూపించే స్తంభం, ఎండకు కాలే బండలు, వీటిని 1213 నాటి ఆ గుడికి వచ్చినవారందరూ చెబుతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత అవే బొమ్మలను అందరం ఫోన్‌లో కూడా చూస్తున్నాము. గైడు చెప్పలేనివి, ఆల్బమ్‌లో లేనివి, మీ ఇద్దరిలో ఒకరు చెప్పకముందే రెండవవారు చెప్పినవి మాత్రమే లెక్కలోకి వస్తాయి. చేదబావిని ఆయన గుర్తుపట్టడం అటువంటిది. మీ అమ్మమ్మ మిమ్మల్ని పిలిచే పేరు ఆయనకు పెండ్లినాటికే తెలిసి ఉండడం అంతకన్నా గట్టిది.

ఫోటో మీద నారింజరంగు అంకెలలో 17 5 98 అని ఉన్నదని రాశారు. ఆనాటి కెమెరాలలో ఆ తేదీని మనమే సరిచేసి పెట్టుకోవాలి, బ్యాటరీ మార్చినప్పుడు చాలామంది సరిచేసేవారు కాదు కనుక దానిని ఒక్కదానినే నమ్మకండి. ఎప్పుడు అన్నది జ్ఞాపకంలో అన్నిటికన్నా బలహీనమైన భాగం కనుక మీవారు 1997 అని పట్టుబట్టడం కూడా తప్పేమీ కాదు. ఆ రోజులలో పెద్దవాళ్ళు దేని గురించి మాట్లాడుకునేవారో ఆయనను అడగండి. 1998 ఏప్రిల్ 22, 24 తేదీలలో షార్జాలో సచిన్ వరుసగా రెండు శతకాలు కొట్టాడు, మే 11న పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఆ ఏడు ఎవరి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాడో చెప్పగలిగితే సంవత్సరం తేలిపోతుంది. మీ చెయ్యి విరిగిన ఏడు మీ అమ్మగారికి ఎలాగూ తెలుసు.

నేను ఇంత జాగ్రత్త ఎందుకు చెబుతున్నానో ఒక అనుభవంతో చెబుతాను, ఆనవాళ్ళు మార్చాను. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక జంట, చిన్నప్పుడు ఒకే మేడారం జాతరలో తప్పిపోయి ఒకే చెట్టు కింద కూర్చున్నామని కనుగొని, ఆ కథను బంధువులందరికీ చెప్పుకున్నారు. తరువాత ఒక మేనమామ లెక్కవేసి, ఇద్దరు తప్పిపోయిన జాతరలకు మధ్య రెండేళ్ళ తేడా ఉన్నదని తేల్చారు. మేడారం పెద్ద జాతర రెండేళ్ళకు ఒకసారి జరుగుతుందన్న సంగతి వారికి తట్టనే లేదు. కథ పోయినందుకు ఆ భార్య, పెండ్లే పలచబడిపోయినట్టు బాధపడింది. ఆ కథ పుట్టకముందు వారి కాపురానికి ఏ లోటూ లేదు. మీ సంగతిలో ఫోటో ఉన్నది కనుక పునాది కూలదు, అయినా పైన ఎన్ని అంతస్తులు కట్టాలో మీ చేతిలోనే ఉన్నది.

చేయవలసినది ఇది. రెండు నోటుపుస్తకాలు కొనండి. ఆ ఎండకాలం గురించి ఇద్దరూ రెండు వారాలు మాట్లాడుకోకుండా, ఎవరికి తోచినది వారు రాయండి. ముందునుండి తెలిసినది, ఈ మధ్య తోస్తున్నది వేరువేరు పేజీలలో ఉండాలి. చెప్పుల సంగతి మీరు రెండవ పేజీలోనే రాయాలి. పుస్తకాలు మార్చుకొని చదివినప్పుడు ఏ వివరమైనా ఇద్దరి మొదటి పేజీలలో కలిస్తే, అది మీ ఇద్దరిదీ. మీ పుస్తకం దాదాపు ఖాళీగా ఉన్నా సిగ్గుపడకండి, ఖాళీ పేజీని నింపడానికి ఊహ చేయకండి.

ఇప్పుడు మీ మూడవ ప్రశ్న. ఆయన నొచ్చుకోవడం సహజమే అయినా అందులో న్యాయం తక్కువ. చిట్టి నాకు ఎప్పటికీ గుర్తున్నది, ఆమెకు నేను గుర్తు లేను అని ఆయన అంటున్నారు. సరే, 2012లో పెండ్లిచూపులనాడు ఆ చిట్టియే ఆయన ఎదురుగా కూర్చున్నది. ఆయన గుర్తుపట్టలేదు. పెండ్లయి 12 ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు, చిట్టి కథను చిట్టికే చెప్పారు, అప్పుడూ గుర్తుపట్టలేదు. బావిని గుర్తుపట్టారు గాని మనిషిని గుర్తుపట్టలేదు. గుర్తుపెట్టుకోవడం ఒకటి, గుర్తుపట్టడం ఒకటి. మీకు మొదటిది లేదు, ఆయనకు రెండవది లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. పదేళ్ళ ముఖానికి, 24 ఏళ్ళ ముఖానికి మధ్య దవడ, ముక్కు పెరిగి ఆకారమే మారిపోతుంది. పేరు మారింది, ఊరు మారింది, వెతుకుతున్నామన్న ఆలోచన కూడా ఆయనకు లేదు. అయినా ఈ మాటను ఆయనతో ఒకసారి నెమ్మదిగా అనండి. నేను ఈ పనిలో చూసినంతవరకు, నన్ను మరచిపోయావు అని అనే మనిషికి తాను కూడా పోల్చుకోలేకపోయానని తోచినప్పుడు కోపం చాలామట్టుకు నవ్వులోకి దిగుతుంది.

ఆయన దాచుకున్నది ఒక బొమ్మను. ఆ బొమ్మకు వయసు పెరగదు. కరెంటు బిల్లు కట్టలేదని అడగదు, పిల్లల ఫీజుల లెక్క చూడదు, జ్వరం వస్తే చిరాకు పడదు. అటువంటి పిల్లతో పోలిక పెట్టుకొని గెలవడం ఏ ఇల్లాలికీ సాధ్యం కాదు, ఆ పిల్ల తానే అయినా సరే. మీ ఈర్ష్య పిచ్చిది కాదని ఇందుకే అంటున్నాను. మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. సంగతి తెలిసిన తరువాత ఆయన రెండు మూడుసార్లు, అప్పుడు ఎంత అల్లరి పిల్లవు, ఇప్పుడు ఇట్లా అయిపోయావు అన్నారని రాశారు. అసలు గాయం అక్కడ ఉన్నదని నాకు అనిపిస్తున్నది. ఇంతకుముందు ఆ పిల్ల వేరే మనిషి కనుక మీరు ఆటపట్టించి తప్పించుకునేవారు. ఇప్పుడు ఆమె మీలోనే ఉన్నదని తేలేసరికి, ఆమెను పోగొట్టిన నేరం కూడా మీమీదనే పడింది. ఆయన ఆ ఉద్దేశంతో అని ఉండరు. కాని ఆ మాట ఇక అనకూడదని మీరు సూటిగా చెప్పాలి, అలిగి చెప్పకండి, మామూలు రోజున మామూలు గొంతుతో చెప్పండి. ఆయన కూడా ఇప్పుడు చెరువుకట్ట మీద పరుగెత్తే 12 ఏళ్ళ పిల్లవాడు కారు కదా. ఆ మాట మాత్రం మీరు పైకి అనవలసిన అవసరం లేదు.

ఆయన మిమ్మల్ని ఇప్పుడు చిట్టి అని పిలుస్తున్నారనీ, మీకు ఒకవైపు సంతోషంగా, ఒకవైపు ఏదో తప్పు జరుగుతున్నట్టు ఉన్నదనీ రాశారు. ఆ పేరు మీ అమ్మమ్మ పెట్టినది, ఆమెతోనే ఆగిపోయినది. దానిని ఎవరికి ఇవ్వాలో తేల్చే హక్కు మీది. వద్దనిపిస్తే వద్దనండి, కొంతకాలం తరువాత ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి. ఆయనకు అది ఒక ఎండకాలపు పేరు, మీకు ఒక మనిషి గొంతు. ఈ తేడా ఆయనకు మీరు చెప్పేదాకా తెలియకపోవచ్చు.

దంపతులు జ్ఞాపకాలను కూడా ఇంటిపనుల లాగానే పంచుకొని మోస్తారని డేనియల్ వెగ్నర్ అనే మానసిక శాస్త్రవేత్త 1985 నుండి రాస్తూ వచ్చారు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో ఒకరికి తెలుసు, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో మరొకరికి తెలుసు, ఇద్దరూ రెండూ గుర్తుపెట్టుకోరు, ఏది ఎవరిని అడగాలో గుర్తుపెట్టుకుంటారు. మీ ఇంట్లో ఆ ఎండకాలం ఆయన వాటాకు వచ్చింది. మీ అమ్మమ్మ ఎలా నవ్వేదో, ఆమె గొంతు ఎలా ఉండేదో ఆయనను అడిగారా? ఆమెను చూసి, ఆమె చేతి అన్నం తిన్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నారని మీకు ఇన్నేళ్ళు తెలియదు. మీ స్థానంలో నేనుంటే చెప్పుల సంగతికన్నా ముందు దానిని అడిగేదానిని.

ప్రేమ అన్న మాట గురించి చిన్న జాగ్రత్త. పదేళ్ళ, పన్నెండేళ్ళ పిల్లల మధ్య ఉన్నది ఇష్టం, ఆటతోడు, ఒక తాటిముంజను పంచుకొని తినేటంత దగ్గరితనం. మీ పెద్దమ్మాయికి ఇప్పుడు సరిగ్గా పదేళ్ళు. అమ్మానాన్నలు పదేళ్ళప్పుడే ప్రేమించుకున్నారని ఆమె ముందు మురిపెంగా చెబితే, ఆమె తన తరగతిలోని స్నేహాన్ని ఆ కొలతతో చూసుకోవడం మొదలుపెట్టవచ్చు. కలిసి ఆడుకున్నాము, తరువాత మరచిపోయాము, తరువాత పెండ్లయింది అని చెప్పండి. పిల్లలకు ఆ వరుసే నవ్వు తెప్పిస్తుంది.

అత్తమ్మకు చెప్పండి. ముందే తెలిసి ఉండి కూడా పెద్దలతో కుదిర్చినట్టు నాటకమాడారని అనుకుంటారేమోనన్న భయం అనవసరం. సంబంధం తెచ్చిన మధ్యవర్తి ఎవరో, ఆయన ఎన్ని సంబంధాలు చూపిన తరువాత మీ ఇంటికి వచ్చారో ఆమెకే బాగా తెలుసు. ఇది బ్రహ్మముడి అని ఆమె అంటే అననివ్వండి. నా లెక్క వేరుగా ఉంటుంది. మన వైపు సంబంధాలు ఎక్కువగా ఒకే కులంలో, తెలిసినవాళ్ళ ద్వారా, ఒక పూట ప్రయాణంలో చేరుకోగలిగిన ఊర్లలో వెతుకుతారు. పిల్లలు ఎండకాలం అంతా ఆ చుట్టరికాల ఊర్లలోనే తిరుగుతారు. అలాంటప్పుడు పెండ్లయినవారిలో కొందరు చిన్నప్పుడు ఎక్కడో ఒకచోట ఎదురుపడి ఉండడం వింత కాదు, దానిని కనుక్కోవడమే అరుదు. అత్తమ్మ ముందు ఈ లెక్క చెప్పవలసిన పని లేదు.

మిగిలినది చిన్నమ్మ. ఆ ఎండకాలం మీ ఇద్దరినీ పెద్దమనిషి కళ్ళతో చూసి, ఇప్పటికీ ఉన్నది ఆమె ఒక్కతే, కనుక ఆమె జ్ఞాపకాన్ని పాడుచేయకుండా తీసుకోవాలి. చిట్టి ఈయన చెప్పులు దాచేది కదా అని అడగకండి, అలా అడిగితే అవునమ్మా అంటారు, దానితో ఆ సాక్ష్యం పోయినట్టే. ఆ ఏడు మీ ఇంటికి వచ్చిపోయే పిల్లలు ఎవరెవరో చెప్పండి అని మాత్రమే అడగండి, తరువాత ఆమె ఎంతసేపు ఆలోచించినా అందించకుండా వినండి. ఆల్బమ్ ఆమె చేతికి చివరలో ఇవ్వండి. మీవారు మధ్యలో మాట అందుకోకుండా ఉండలేరని నాకు అనుమానంగా ఉన్నది, ఆ పూటకు పిల్లలను తీసుకొని చెరువుకట్టకు వెళ్ళి రమ్మనండి.